చెక్కబొమ్మకు మినహాయింపు ఎందుకు?

2007 జూన్ 13న అమెరికాలో ఆర్‌సీ2 అనే బొమ్మల కంపెనీ దాదాపు 15 లక్షల బొమ్మలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ‘థామస్ అండ్ ఫ్రెండ్స్’ పేరుతో పిల్లల లోకంలో బాగా పేరుపడ్డ రైలింజిన్లు, పెట్టెలు అవి. 2005 జనవరి నుంచీ దుకాణాల్లో ఉన్నాయి. అంటే రెండున్నరేళ్ల పాటు పసివాళ్ల చేతుల్లో తిరిగాయి, నోళ్లలో నానాయి. ఎర్ర ఇంజిను, పసుపుపచ్చ పెట్టె లాంటివాటి పైపూతలో సీసం ఉందని తేలడంతో గగ్గోలు పుట్టింది. ఆ రైళ్లు ప్లాస్టిక్‌వి కావు, అసలు సిసలు చెక్కవి. చవకబారు సరుకు కూడా కాదు, కొన్ని 70 డాలర్ల దాకా పలికాయి.

ఈ సంగతి మన దగ్గర ఎవరికీ పెద్దగా గుర్తు లేదు. గుర్తుంటే ‘చెక్కబొమ్మ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు’ అనే మాట ఇంత ధీమాగా చెలామణీ అయ్యేది కాదు. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో బారసాలకో మొదటి పుట్టినరోజుకో వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ బొమ్మ పట్టుకెళ్లడానికి మొహమాటపడే రోజులొచ్చాయి. ప్లేస్కూళ్లు కరపత్రాల మీద చెక్క సామగ్రి ఫొటోలు వేసుకుంటున్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మే చెక్కబొమ్మల మీద ‘సహజం’, ‘విషరహితం’, ‘మాంటిస్సోరి’ అనే మూడు మాటలు ధారాళంగా కనిపిస్తాయి. ‘మా కాలంలో అన్నీ చెక్కవే, మేమంతా బాగానే ఉన్నాం కదా’ అని తాతయ్యలు, అమ్మమ్మలు వంత పాడతారు.

ఈ నమ్మకంలో మూడు వాదనలు కలగలిసి ఉన్నాయి. చెక్క సహజం కాబట్టి హాని చేయదని ఒకటి. చెక్కబొమ్మతో ఆడితే బుద్ధి వికసిస్తుందని రెండోది. చెక్కబొమ్మ కొంటే ప్రకృతికీ, మన చేతివృత్తులవాళ్లకూ మేలని మూడోది. మూడింటిలోనూ కాస్త నిజం లేకపోలేదు. ఆ కాస్త నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగిలిన అబద్ధాన్ని అమ్మేస్తున్నారన్నదే ఇక్కడ అభ్యంతరం.

చెక్క తనంతట తాను హాని చేయదన్నంత వరకు ఎవరికీ పేచీ లేదు. అమెరికా చట్టమే ఆ మాట ఒప్పుకుంది. 2007లో వరుసగా బయటపడ్డ బొమ్మల బాగోతాల తరువాత అక్కడ 2008లో వినియోగ వస్తువుల భద్రతకు కొత్త చట్టం తెచ్చారు. పైపూతలో సీసం పరిమితిని పది లక్షల పాళ్లలో 600 నుంచి 90కి దించారు. పిల్లల వస్తువులకు బయటి ప్రయోగశాలలో పరీక్షలు తప్పనిసరి చేశారు. అయితే ఏ పూతా లేని ఒట్టి చెక్కకు సీసం పరీక్ష అక్కర్లేదని అక్కడి నియంత్రణ సంస్థ 2009లో తేల్చింది. చెక్కకు ఇవ్వాల్సిన గౌరవం చెక్కకు ఇచ్చి, చూపంతా రంగు మీద నిలిపింది. సరైన తీరు అదే. పిల్లవాడు బొమ్మను నోట్లో పెట్టుకుంటే ముందు నాలుకకు తగిలేది చెక్క మీది పూత. మనవాళ్లు చెక్కను చూసి మురిసిపోయి పూత సంగతి అడగడం మానేశారు.

రంగుల్లోకి సీసం పొరపాటున వచ్చి పడేది కాదు. లెడ్ క్రోమేట్ లాంటి సీసపు రంగులు పసుపు, నారింజ, ఎరుపు ఛాయలను దట్టంగా, వెలిసిపోకుండా నిలబెడతాయి. ఖరీదూ తక్కువ. పసివాళ్ల కళ్లను లాగేవి కూడా సరిగ్గా ఆ ఛాయలే. కడుపులోకి పోయిన సీసం పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా చిన్నపిల్లల ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫలానా మోతాదు వరకు ఫరవాలేదనే గీత కూడా సీసానికి లేదని ఆ సంస్థే అంటోంది. నెత్తురులో చేరిన సీసం జ్వరంలా బయటపడదు, దద్దురులా పైకి తేలదు. గుట్టుగా మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే ‘మేమంతా బాగానే ఉన్నాం’ అనే వాదన ఇక్కడ చెల్లదు. ఎవరికెంత నష్టం జరిగిందో పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం, నెత్తురులో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల మంది ఉన్నారు. అందులో 27 కోట్ల పైచిలుకు మన దేశపు పిల్లలే. ఆ సీసమంతా బొమ్మల్లోంచే వచ్చిందని ఎవరూ అనరు. పాత బ్యాటరీలు కరిగించే కొలుములు, కల్తీ మసాలాలు, గోడల రంగులు, ఇలా దానికి చాలా దారులున్నాయి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి 90 పాళ్ల పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. ఇన్ని దారులు తెరుచుకుని ఉన్న దేశంలో, పిల్లవాడు రోజూ చప్పరించే వస్తువును ‘చెక్కదే కదా’ అని వదిలేయడం తెలివైన పని కాదు.

ఈ మాటకు సాక్ష్యం ఎక్కడో వెతకనక్కర్లేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను ఆరబెట్టి, లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. గిర్రున తిరుగుతున్న చెక్కకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. కుంచెతో పనే లేదు. అంకుడు చెట్టు నుంచి వచ్చింది, లక్క పురుగు నుంచి వచ్చింది, రెండూ సహజమే. మూడోదైన రంగు మాత్రం మనిషి ఎంచుకునేది. రసాయన రంగులు అందుబాటులోకి వచ్చాక ఏటికొప్పాక కూడా వాటివైపు మొగ్గింది. డబ్బా మూత తీస్తే రంగు సిద్ధంగా ఉంటుంది మరి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటివాటి నుంచి రంగు రాబట్టాలంటే నానబెట్టాలి, మరిగించాలి, వడగట్టాలి, ఓపిక పట్టాలి.

ఆ ఊరివాడైన సి.వి. రాజు దశాబ్దాల తరబడి పట్టుబట్టింది ఈ రంగు మీదే. చెట్ల ఆకులు, గింజలు, వేళ్లు, బెరళ్ల నుంచి రంగులు తీసే పద్ధతులను ఆయన మళ్లీ నిలబెట్టాడు. అందుకే 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఈ బొమ్మలనే శకటంగా నడిపించిన ఆంధ్రప్రదేశ్, రాష్ట్రాల శకటాల్లో మూడో స్థానం తెచ్చుకుంది. తెలుగువాళ్లందరూ గర్వపడ్డారు. పడాల్సిందే. కానీ ఆ గర్వంలో అడగడం మరిచిపోయిన ప్రశ్న ఒకటుంది. చెక్క అయితే చాలనుకుంటే రాజు అంత శ్రమ దేనికి పడ్డట్టు? సహజ రంగుల బొమ్మలోనూ, రసాయన రంగుల బొమ్మలోనూ ఉన్నది అదే అంకుడు. అదే లేత్, అదే లక్క, అదే నిగారింపు. తేడా అంతా లక్కలో కలిపిన చిటికెడు పొడిలో ఉంది. చెక్కను చూసి సంతృప్తి పడేవాడికి ఆ తేడా ఎన్నటికీ కనపడదు.

కొండపల్లి కథ వేరు. ఎన్టీఆర్ జిల్లాలోని ఆ ఊళ్లో తెల్ల పొణికి కర్ర వాడతారు. బరువు లేని మెత్తని చెక్క అది. కాళ్లు, చేతులు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో అతికించి, సుద్ద పూసి, ఆ మీద రంగులు దిద్దుతారు. పాతకాలపు రంగులకు తోడు ఎనామిల్ పెయింట్లు అక్కడికి చేరి చాలాకాలమే అయింది. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, రోట్లో దంచే ఆడవాళ్లు, ఇవన్నీ బొమ్మల కొలువులో మెట్ల మీద కొలువుదీరడానికి పుట్టిన బొమ్మలు. కొలువు పెట్టిన ఇంట్లో పిల్లలకు అందే మొదటి హెచ్చరిక ‘చూడు, ముట్టుకోకు’ అని. ముట్టుకోవద్దని తరాలుగా చెప్పుకొచ్చిన బొమ్మను, చెక్కదన్న ఒక్క కారణంతో ఏడాది పిల్లాడి చేతిలో పెడితే జరిగేదేమిటి? మక్కు అతుకు ఊడుతుంది, ఏనుగు మీది అంబారీ నోట్లోకి పోతుంది. నిర్మల్‌లో చేసే చెక్క పండ్లు, కూరగాయలు అచ్చం అసలువాటిలాగే ఉంటాయి. కొరకమని పిలుస్తున్నట్టే ఉంటాయి. ఇందులో కళాకారుల తప్పు రవ్వంత లేదు. వాళ్లు చేసింది అలంకారపు బొమ్మ. దాన్ని పసిపిల్లల ఆటవస్తువుగా మార్చింది కొనేవాళ్ల భ్రమ, అమ్మేవాళ్ల మాటల గారడీ.

రంగు తరువాత చూడాల్సింది సైజు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఏ భాగమూ, ఊడివచ్చే ఏ ముక్కా 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమడకూడదన్నది అంతర్జాతీయ నియమం. చిన్నపిల్లల గొంతులో అడ్డుపడే ముక్కలను ఏరివేయడానికి పెట్టిన కొలత అది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 9873 కూడా చిన్న ముక్కలను ఇలాగే పట్టుకుంటుంది. ఇప్పుడు లక్కపిడతలను గుర్తు తెచ్చుకోండి. బుల్లి గుండిగ, బుల్లి చెంబు, బుల్లి రోలు, బుల్లి రోకలి. ఐదేళ్ల పిల్లకు అంతకంటే మంచి ఆట లేదు. వంట చేస్తుంది, వడ్డిస్తుంది, అలిగిన బొమ్మను బుజ్జగిస్తుంది. అదే పిడత పది నెలల తమ్ముడి గుప్పిట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. గొంతుకు అడ్డం పడ్డ ముక్క చెక్కదా ప్లాస్టిక్‌దా అని ఊపిరి విచారించదు.

‘చెక్క’ అని అమ్ముతున్నదంతా చెక్కేనా అన్నది మరో తిరకాసు. అక్షరాల పలకలు, జంతువుల పజిళ్లు, గడియారపు బొమ్మలు వంటి చవక రకాలు చాలావరకు ఎండీఎఫ్‌తో చేసినవి. చెక్కపొట్టును జిగురుతో కలిపి వేడి మీద అదిమి చేసే అట్ట అది. ఆ జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ రకం. ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు కేన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. ఎండీఎఫ్ ముట్టుకుంటే ప్రమాదమని దీనర్థం కాదు. ఫార్మాల్డిహైడ్ బాగా తక్కువగా వెలువడే రకాలూ ఉన్నాయి. అయితే ఏ రకమో చెప్పకుండా దాని మీద ‘నూటికి నూరు శాతం సహజం’ అని రాయడం మాత్రం పచ్చి మోసం. పజిల్ ముక్క అంచును గోటితో గీరి చూస్తే నార కనిపిస్తే చెక్క, పొట్టు రాలితే ఎండీఎఫ్. పిల్లవాడు చప్పరిస్తే ఉబ్బి పొరలు లేచేది ఈ రెండోదే.

ఇక చట్టం. 2020 ఫిబ్రవరి 25న కేంద్రం బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. చిన్న కళాకారులు ఈ ఖర్చు భరించలేరని గోల పుట్టడంతో 2020 డిసెంబరులోనే సవరణ వచ్చింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు కింద అధీకృతులు చేసే బొమ్మలకు ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. ఈ మినహాయింపు లేకపోతే ఎన్నో లేత్‌లు ఆగిపోయేవి.

కానీ జనం దీన్ని అర్థం చేసుకున్న తీరు తలకిందులుగా ఉంది. చెక్కబొమ్మ సురక్షితం కాబట్టే ప్రభుత్వం పరీక్ష అక్కర్లేదందని చాలామంది అనుకుంటున్నారు. ప్రభుత్వం అలా ఎక్కడా అనలేదు. పరీక్షలో నెగ్గితే వచ్చేది ముద్ర. ఇక్కడ జరిగింది పరీక్షే లేకుండా పోవడం. పైగా ఆ మినహాయింపు చేతివృత్తి కళాకారులకు ఇచ్చింది, చెక్కకు ఇచ్చింది కాదు. ఫ్యాక్టరీలో తయారైనా, ఓడలో దిగుమతి అయినా, చెక్కబొమ్మకు ఐఎస్‌ఐ ముద్ర ఉండి తీరాలి. ముద్ర లేని ఫ్యాక్టరీ సరుకును ‘చెక్కవాటికి అది అవసరం లేదండీ’ అని అంటగట్టే దుకాణదారు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టే.

ఈ చిక్కుముడి అమెరికాకూ ఎదురైంది. 2008 చట్టం వల్ల ఇంటిపట్టున బొమ్మలు చేసేవాళ్లు మూతబడతామని మొరపెట్టుకుంటే, 2011లో చట్టాన్ని సవరించి చిన్న తయారీదారులకు ఊరట ఇచ్చారు. ఏడాది అమ్మకాలు పది లక్షల డాలర్లలోపు ఉండి, ఒక్కో రకం 7,500 బొమ్మలకు మించకుండా చేసేవాళ్లకు కొన్ని పరీక్షల నుంచి విముక్తి దొరికింది. రెండు విషయాల్లో మాత్రం సడలింపు ఇవ్వలేదు. పైపూతలో సీసం ఒకటి, గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఇంకొకటి. చిన్నవాడి కడుపు కొట్టకుండానే పిల్లవాడి ప్రాణం కాపాడే మార్గం ఉందనడానికి ఇది రుజువు. మనవాళ్లు మొత్తం తలుపు తెరిచి చేతులు దులుపుకున్నారు.

రెండో వాదన బుద్ధి వికాసం గురించి. దీనికి ఆధారంగా తరచూ చూపించేది ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా సోసా అధ్యయనం. 2015 చివర్లో వెలువడిన ఈ అధ్యయనంలో 10 నుంచి 16 నెలల పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కలిపి 26 జంటలు పాల్గొన్నాయి. లైట్లు వెలిగి పాటలు పాడే ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడేటప్పుడు తల్లిదండ్రులు తక్కువ మాట్లాడారు, పిల్లల పలుకులూ తగ్గాయి. పుస్తకాలతో అయితే మాటలు పెరిగాయి. మామూలు బొమ్మలు ఆ రెండింటికీ మధ్యన నిలిచాయి. ఆ మామూలు బొమ్మల్లో చెక్క పజిల్ ఉన్న మాట నిజమే. దాని పక్కనే రబ్బరు ఇటుకలూ ఉన్నాయి. ఆ అధ్యయనం తూచింది చెక్కనూ ప్లాస్టిక్‌నూ కాదు. బొమ్మ మాట్లాడితే తల్లి నోరు మూతపడుతుందా అన్నది తూచింది. అందులో గెలిచింది పుస్తకం. అయినా దాన్ని చెక్కబొమ్మల ప్రకటనకు వాడుకుంటున్నారు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం బొమ్మల ఎంపిక మీద 2018 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక చెప్పిందీ ఇలాంటిదే. ఖరీదైన బొమ్మ మంచి బొమ్మ అనుకోవద్దని, పిల్లవాడి వయసుకు తగిందై, పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఆడేలా చేసేదే మేలైన బొమ్మ అని దాని సారాంశం. అందులో చెక్కకు ప్రత్యేక పీట ఏమీ వేయలేదు.

మాంటిస్సోరి పేరు వాడుకునే తీరు ఇంకా విడ్డూరం. మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో రోమ్‌లోని పేదల వాడలో మొదటి బాలల గృహం తెరిచింది. 1939లో అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉంది. ఆమె తయారు చేయించిన సామగ్రిలో గులాబీ రంగు చెక్క దిమ్మెల గోపురం ఉంది, నిజమే. గరుకు కాగితపు అక్షరాలు, లోహపు చట్రాలు, గాజు పూసలు, బట్టల బొత్తాల చట్రాలు కూడా ఉన్నాయి. పిల్లలు నిజమైన గాజు గ్లాసులో నీళ్లు పోసుకోవాలని, పగిలితే పగలనివ్వాలని చెప్పిన మనిషి ఆమె. చెక్కకు గుడి కట్టింది ఆమె కాదు. పోనీ పెట్టె మీద ఆ పేరు ఉంటే ఎవరో పరిశీలించి ఆమోదించినట్టా అంటే అదీ లేదు. ‘మాంటిస్సోరి’ ఎవరి సొత్తూ కాని సాధారణ నామమని అమెరికా ట్రేడ్‌మార్క్ అధికారులు 1967లోనే తేల్చారు. ఎవరైనా ఏ వస్తువుకైనా తగిలించుకోవచ్చు. తగిలించుకుంటున్నారు, ఆ పేరుకు రెట్టింపు ధర గుంజుతున్నారు.

పదార్థం మారితే ఆట చెడుతుందా అన్నదానికి డెన్మార్క్‌లోని బిల్లుండ్ సమాధానం చెబుతుంది. ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో అక్కడ చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. లెగో పుట్టింది ఆ కార్ఖానాలోనే. 1958లో ఒకదానిలో ఒకటి బిగిసే ప్లాస్టిక్ ఇటుకకు పేటెంట్ తీసుకున్నారు. 1960లో చెక్కబొమ్మల విభాగం అగ్నికి ఆహుతైతే దాన్ని మళ్లీ నిలబెట్టలేదు. ఇవాళ ప్రపంచంలో పిల్లల చేత కట్టించి, కూల్చించి, మళ్లీ కట్టించే బొమ్మల్లో ఆ ఇటుకను మించింది తక్కువ. చెక్క వదిలేసినందువల్ల దాని బుద్ధి తరగలేదు.

ఫ్రెంచి రచయిత రొలా బార్త్ 1957 నాటి ‘మిథాలజీస్’లో బొమ్మల గురించి చిన్న వ్యాసం రాశాడు. చెక్కను ఆకాశానికెత్తి, ప్లాస్టిక్‌ను ఈసడించాడు. చెక్కవాదులు ఆయన్ను ఇష్టంగా తలుచుకుంటారు. అదే వ్యాసంలో ఆయన అసలు ఫిర్యాదు ఇంకోటుంది. పెద్దల ప్రపంచాన్ని చిన్న సైజులో అచ్చుగుద్ది ఇచ్చే బొమ్మలు పిల్లవాణ్ని కట్టేవాడిగా కాక వాడుకునేవాడిగా తయారుచేస్తాయన్నది ఆ ఫిర్యాదు. ఆ లెక్కన మీట నొక్కితే చాలన్నట్టుండే చెక్క కాఫీ మెషీన్, చెక్క సెల్‌ఫోన్ ఆయన దగ్గర మార్కులు తెచ్చుకోలేవు.

మన ఇళ్లలోని మూడు చక్రాల నడక బండినే చూడండి. అడుగులు నేర్చుకునే పిల్లలు దాన్ని పట్టుకుని లేస్తారు, తోస్తారు, పడతారు, మళ్లీ లేస్తారు. అది మంచిదనడంలో సందేహం లేదు. కాళ్ల మీద నిలబడేది, బరువు మోసేది, ఎటు వెళ్లాలో తేల్చుకునేది పిల్లవాడే కావడం వల్ల మంచిది. దాని ఎదుట పిల్లవాణ్ని మధ్యలో కూర్చోబెట్టే వాకర్ ఉంది. మెట్ల మీంచి దొర్లే ప్రమాదాల వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. తోపుడు బండిని ప్లాస్టిక్‌తో చేసినా దాని మేలు దానిదే. కూర్చోబెట్టే వాకర్‌ను టేకుతో చేసినా దాని కీడు దానిదే.

మూడో వాదన, ప్రకృతికీ చేతివృత్తులకూ మేలన్నది, వినసొంపుగా ఉంటుంది. కానీ ఏటికొప్పాకలోనూ కొండపల్లిలోనూ కళాకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నది కర్ర కొరత గురించే. అడవుల్లో అంకుడు, పొణికి పలచబడ్డాయి. కొత్తగా నాటినా కర్రకు అందిరావడానికి ఏళ్లు పడుతుంది. చెట్టు పెంచే ఏర్పాటు లేకుండా గిరాకీ మాత్రం పెంచితే దాన్ని పర్యావరణ సేవ అనలేం. రంగులు పూసిన ఎండీఎఫ్ పజిల్ చెత్తకుప్పలో పడ్డాక మట్టిలో హాయిగా కలిసిపోతుందనుకోవడమూ అమాయకత్వమే. 1958 నాటి లెగో ఇటుక ఇవాళ్టి ఇటుకకు అతుకుతుంది. అన్న నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి పక్కింటి పిల్లకు చేరే బొమ్మకంటే ప్రకృతికి తక్కువ భారమయ్యే బొమ్మ లేదు, అది దేనితో చేసినా సరే.

చేతివృత్తుల సంగతికొస్తే, ఈ గుడ్డి నమ్మకం వల్ల ఎక్కువ నష్టపోతున్నది నిజాయతీగల కళాకారుడే. ఆకులు మరిగించి, గింజలు నానబెట్టి రంగు తీసేవాడికి సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు ఎక్కువ అవుతుంది, రంగు కాస్త మసకగా వస్తుంది. డబ్బా రంగు వాడేవాడి బొమ్మ చవక, పైగా తళతళలాడుతుంది. కొనేవాడు ‘చెక్కదేనా?’ అని అడిగి ఊరుకుంటే ఇద్దరికీ ఒకటే జవాబు: ‘చెక్కదే’. బేరంలో గెలిచేది చవకదే. అందరినీ ఒకే గాటన కట్టే ఈ మెచ్చుకోలు శ్రద్ధ పెట్టినవాడికి శిక్ష, పెట్టనివాడికి బహుమానం. సి.వి. రాజు లాంటివాళ్లు నిలబెట్టిన పద్ధతికి మార్కెట్లో విలువ కట్టేది ‘రంగు దేనితో చేశారు?’ అనే ప్రశ్న ఒక్కటే.

అంటే ప్లాస్టిక్‌ను వెనకేసుకొస్తున్నారా అని ఎవరైనా నిలదీయవచ్చు. అలాంటిదేమీ లేదు. 2019లో భారత నాణ్యతా మండలి 121 రకాల దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే సుమారు 67 శాతం తప్పాయి. పీవీసీని మెత్తబరిచే థాలేట్లు, పగిలి గుచ్చుకునే చవక ప్లాస్టిక్, ఊడిపోయే బటన్ బ్యాటరీ, ఇవన్నీ నిజమైన ప్రమాదాలే. కానీ వాటిని బయటపెట్టింది ప్రయోగశాల, ప్లాస్టిక్ మీది ఏవగింపు కాదు. ప్లాస్టిక్‌ను అనుమానించి పరీక్షకు పంపినంత పట్టుదలతోనే చెక్కనూ పంపమన్నది ఇక్కడ అడుగుతున్నది. అనుమానం ఒకదానికీ నమ్మకం ఇంకోదానికీ అన్న పంపకం చల్లగా ఉండాల్సిన పిల్లలకు చేటు.

కొనేవాళ్లు చేయగలిగింది కష్టమేమీ కాదు. ఫ్యాక్టరీ బొమ్మ అయితే, చెక్కదైనా సరే, ఐఎస్‌ఐ ముద్ర చూడాలి. చేతివృత్తి బొమ్మ అయితే రంగు ఏమిటో, ఏ వయసు పిల్లల కోసం చేశారో అడగాలి. తడి గుడ్డతో రుద్దితే రంగు అంటుకునేదాన్ని, అతుకులు వదులుగా ఉన్నదాన్ని, బొటనవేలంత ముక్కలున్నదాన్ని మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. అందమైన కొండపల్లి అంబారీని తప్పకుండా కొనాలి, కొని అల్మరా పై అరలో పెట్టాలి. ఏడాదిలోపు పిల్లలకు ఏ పూతా లేని నున్నని చెక్క గిలక చాలు.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంతకంటే పెద్దది. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ మూడు చోట్లా రంగుల్లో సీసం పరీక్షించే ఏర్పాటు ఊళ్లోనే పెట్టాలి. దాని ఖర్చు కళాకారుడి మీద పడకుండా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలే భరించాలి. నెగ్గిన బొమ్మ మీద ఆ సంగతి, వాడిన రంగు పేరు, తగిన వయసు తెలుగులో అచ్చు వేయించాలి. 2020 డిసెంబరు మినహాయింపును అలాగే ఉంచి, సీసం, చిన్న ముక్కలు అనే రెండు విషయాలను మాత్రం అందులోంచి తీసేయాలని కేంద్రాన్ని కోరాలి. శకటం నడిపించడానికి డబ్బు పెట్టగలిగిన ప్రభుత్వానికి ఈ పరీక్షల ఖర్చు మోయలేని బరువు కాదు.